పదకొండో నెల

పేపరు చేతికి రాగానే నేను ముందు తేదీలు చూస్తాను. పైన అచ్చేసిన తేదీ కాదు, వార్త లోపలి తేదీలు. "గత నెల" అని ఉన్నచోట వేలు పెట్టి, ఏ నెల, ఎవరి నెల అని ఇంట్లోవాళ్లను అడుగుతాను. మా కోడలికి చిరాకు. ముసలాయనకు చాదస్తం ముదిరిందని పక్కింటావిడతో అనడం నా చెవిన పడింది. ముదిరిన మాట నిజమే. కానీ ఆ చాదస్తం నాకు ఊరికే రాలేదు, ఒక మనిషి పరువు పోగొట్టి నేర్చుకున్నాను. ఆయన్ని పేపర్లు బియ్యం దొంగ అన్నాయి. ఆయన దొంగ కాడు. ఆ మాట చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇన్నాళ్లు ఆగడం నా తప్పే.

పోలీస్ యాక్షన్ జరిగిన ఏడు నాకు ఇరవై మూడేళ్లు. సికింద్రాబాద్‌లో సర్కారు బియ్యం గోదాములో అహల్కారును, అంటే గుమాస్తాను. మా నాయనకు మోండా మార్కెట్‌లో ఉల్లిగడ్డల దుకాణం. బడిలో ఉర్దూ, ఇంట్లో తెలుగు నేర్చిన నావంటివాళ్లకు అప్పట్లో ఆ పాటి నౌకరీ దొరకడమే గొప్ప. మా పై అధికారిని ఊరంతా రాషన్ సాబ్ అనేవారు. నల్లగొండ వైపు చిన్న ఊళ్లో బట్టల వ్యాపారం చేసుకునే ముస్లిం కుటుంబం ఆయనది. ఇంట్లో మాట్లాడేది తెలుగే. కచేరీలో మాత్రం ఉర్దూ తప్ప ఇంకో మాట రానిచ్చేవాడు కాదు. కోపమొస్తే మళ్లీ తెలుగులోకి దిగేవాడు. అందుకని మేము ఆయన తెలుగుకు భయపడేవాళ్లం.

ఆయన్ని ఇష్టపడటం కష్టం. కార్డు లేకపోతే తన సొంత తమ్ముణ్ణయినా వెనక్కి పంపేవాడు. మా నాయన ఒకసారి నన్ను చూసుకుని ధైర్యంగా ఒక బస్తా అడగబోతే, నలుగురిలో కూర్చోబెట్టి చాయ్ తాగించి, ఖాళీ చేతులతో సాగనంపాడు. మూటలో గుచ్చి గింజలు బయటికి లాగే ఇనుప గొట్టం ఒకటి ఎప్పుడూ ఆయన చేతిలో ఉండేది. షాహుకార్లకు ఆ గొట్టమంటే మంట. తడిసిన బియ్యం, మట్టిబెడ్డలు కలిపిన బియ్యం ఆ గొట్టానికి దొరక్కుండా పోయేవి కావు. ఇట్లాంటివాడి మీద ఎప్పుడన్నా ఒక మాట పడితే, అయ్యో అనేవాళ్లు ఎవరుంటారు?

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. సికింద్రాబాద్ చాలాకాలం ఇంగ్లీషు దొరల కంటోన్మెంటు కింద నడిచింది. అందుకని టపా కచేరీలో, రైలు స్టేషన్లో, మిషను బడిలో ఇంగ్లీషు నెలలు. మా గోదాము హైదరాబాద్ సర్కారుది, అక్కడ ఫస్లీ నెలలు. ఫస్లీ ఏడాది ఆజూర్‌తో మొదలవుతుంది, అది ఇంచుమించు అక్టోబరు. ఆ వరసన పదకొండో నెల మెహర్, అంటే ఆగస్టు. ఇంటికొస్తే మా అమ్మకు అదే శ్రావణం. ఒకే రోజుకు మూడు పేర్లు. మాకు అది వింతగా ఉండేది కాదు. ఏ గడప దాటితే ఆ లెక్కలోకి మారిపోయేవాళ్లం.

బియ్యం గోదాము దాటాలంటే పర్వానా కావాలి. ఎన్ని బళ్లు, ఎటు, ఎందుకు అని రాసిన చీటీ అది. అవి రాయడం నా పని. వాటి మీద నెల పేరు రాయడానికి నాకు బద్ధకం, అంకె వేసి వదిలేసేవాణ్ణి. ఒకరోజు సాబ్ అది చూసి అందరి ముందు తెలుగులోకి దిగాడు.

"నెలకు పేరున్నది. పేరు రాయి. ఈ ఊర్ల అంకెను ఎవడెట్ల చదువుతడో నీకెర్కనా?"

నాకు తల కొట్టేసినట్టయింది. నిన్నగాక మొన్న చేరిన చప్రాసీలు కూడా నవ్వారు. ఆ రోజు నుంచి ఆయన చూసే చీటీల మీద పేరు, ఆయన తీరిగ్గా చూడడనుకున్న చీటీల మీద అంకె రాశాను. ఇరవై మూడేళ్లకు నాకున్న పౌరుషం అంతే.

ఆ మెహర్ నెలలో సరిహద్దుల నుంచి సరుకు రావడం ఆగిపోయింది. ఉప్పు లేదు, దీపాలకు గ్యాస్‌నూనె లేదు. ఊళ్లల్లో రజాకార్ల భయానికి జనం మూటలు నెత్తిన పెట్టుకుని ఇటు వస్తున్నారు. కంటోన్మెంటు దగ్గరుంటే ప్రాణానికి ఫరవా లేదని వాళ్ల నమ్మకం. ఒకరోజు పొద్దున సాబ్ నన్ను పిలిచి పర్వానా రాయమన్నాడు. పన్నెండు బళ్లు. మనుషులు తినడానికి పనికిరాని పాడైన బియ్యం. అల్వాల్ అవతల పారబోయడానికి. నేను ఆ మూటల్లో ముందురోజే చెయ్యి పెట్టి చూశాను. ముక్కిన వాసన లేదు, పురుగు లేదు. తలెత్తి ఆయన మొహం చూశాను. ఆయన గొట్టం తుడుచుకుంటూ, రాయమన్నట్టు చెయ్యి ఊపాడు.

రాశాను. నెల దగ్గర పదకొండు వేశాను. ఆయన తొందరలో ఉన్నాడు, చూడకుండా సంతకం పెట్టాడు. అల్వాల్‌లో ఏ షాహుకారుకో అమ్ముకుంటున్నాడని నాకు నేనే తేల్చుకున్నాను. ఎవరితోనూ అనలేదు. నాకు తోచిన దొంగతనాన్ని లోపల దాచుకుని, ఆయన నన్ను తిట్టినప్పుడల్లా దాన్ని తీసి చూసుకునేవాణ్ణి.

నెల తిరిగేసరికి మిలటరీ వచ్చింది. నాలుగైదు రోజుల్లో అంతా ముగిసిపోయింది. మోండాలో దుకాణాల తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఊళ్లు విడిచివచ్చినవాళ్లు మూటలు కట్టుకుని వెనక్కి పోయారు. అప్పటిదాకా ఒకరి ఇళ్లల్లో ఉన్న భయం ఇంకొకరి ఇళ్లల్లోకి పోయింది. మా సందులో సాయంత్రం పూట బయట కూర్చునే ముస్లిం ఇళ్ల ముసలివాళ్లు తలుపులు వేసుకుని లోపలే ఉండిపోయారు. ఆ సంగతి అప్పుడు నేను పట్టించుకోలేదు. సంతోషంలో ఉన్నాను.

మా బావ ఆ తర్వాత దిగాడు. మా అక్కను బెజవాడ ఇచ్చారు. రైల్వేలో పనిచేసే మా పెదనాన్న కుదిర్చిన సంబంధం. బావ అక్కడ అచ్చాఫీసులో పనిచేసి, దేశం పని మీద జైలుకు కూడా పోయి వచ్చినవాడు. మోండా పక్కన మేడమీద రెండు గదులు తీసుకుని వారపత్రిక పెట్టాడు. ఇన్నాళ్లు నోరు కట్టేసిన ఊరికి నోరొచ్చింది. నోరొచ్చిన కొత్తలో ఎవరేం మాట్లాడినా వినబుద్ధవుతుంది. పాత సర్కారు అధికారుల మీద వారానికొకటి రాసేవాడు. వాటిలో నిజాలు ఉన్నాయి, చాలానే ఉన్నాయి. బావ అబద్ధాలకోరు కాడని ముందే చెప్తున్నాను. అబద్ధాలకోరయితే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

నవంబరు దాటింది. బియ్యానికి మళ్లీ కటకట. ఒకరోజు మధ్యాహ్నం అక్క అన్నం వడ్డిస్తుంటే, మీ గోదాము నుంచి బియ్యం పక్కదారి పట్టిందా అని బావ అడిగాడు. నాకు గుర్తొచ్చింది. చూస్తానన్నాను. మర్నాడు పాత పర్వానా తీసి, దానిలోది తెలుగులో ఒక కాగితం మీద ఎక్కించాను. బళ్లు పన్నెండు, పాడైనవని రాసిన మంచి బియ్యం, అల్వాల్, పదకొండో నెల. ఆ కాగితం మడిచి అక్క చేతికిచ్చి, కూర్చోకుండా వచ్చేశాను. ఆయనకు కొంచెం తగలాలి అనుకున్నాను. ఎంత తగులుతుందో అనుకోలేదు.

ఆ వారం పేపరులో మొదటి పేజీ నిండా అదే. నవంబరు నెలలో, మోండాలో ఆడవాళ్లు నూకల కోసం పొద్దంతా నిలబడ్డ నెలలోనే, రాషన్ అఫ్సరు పన్నెండు బళ్ల మంచి బియ్యాన్ని పాడైనవని రాసి దొంగచాటుగా తరలించాడని, కొత్త ప్రభుత్వానికి చెడ్డపేరు తేవాలని జనం కడుపు మాడ్చాడని ఉంది. పైన పెద్దక్షరాల్లో బియ్యం దొంగ.

చదవగానే లోపల చిన్న సంతోషం కలిగింది. సిగ్గుతో రాస్తున్నాను, కలిగింది. రెండోసారి చదివినప్పుడు నవంబరు అన్న మాట కంటబడింది. ఇంగ్లీషు లెక్కన పదకొండో నెల నవంబరు. బెజవాడ మనిషికి ఇంకో లెక్క ఎట్లా తెలుస్తుంది? తెలిసినవాణ్ణి నేను, చెప్పలేదు. పేపరు మడిచి అక్కడే దుకాణం అరుగు మీద కూర్చున్నాను.

తర్వాతి వారంలో మిగతా పేపర్లు అందుకున్నాయి. పన్నెండు బళ్లు ఇరవై అయ్యాయి. అల్వాల్ పేరు పోయి, తప్పించుకు తిరుగుతున్న రజాకారు ముఠాల దాపు అయింది. ఒక పేపరు ఆయనకు మూడు మేడలు కట్టించింది. ఆయనుండేది సర్కారు వారి రెండు గదుల పెంకుటిల్లు. ఎవరూ పోయి చూడలేదు. నవంబరులో మా గోదాము నుంచి అల్వాల్‌కు ఒక్క బండి కూడా కదల్లేదని బండ్లవాళ్లందరికీ తెలుసు. వాళ్లనూ ఎవరూ అడగలేదు. షాహుకార్లు మాత్రం అడక్కుండానే చెప్పారు. సాబ్‌ను కొలువు నుంచి ఆపి, ఊరు దాటొద్దని హుకుం ఇచ్చారు. విచారణ తర్వాత చంచల్‌గూడ జైలే అని కచేరీలో అందరూ అనుకున్నారు. ఆ రోజుల్లో అట్లా పోయినవాళ్లు ఎందరో, అందులో తప్పు చేసినవాళ్లు ఎందరో ఎవరికీ తెలియదు.

ఆయన ఇంటికి పోయాను. గోడ మీద బొగ్గుతో పేపరులోని ఆ రెండు మాటలే రాసి ఉన్నాయి. ఎవరో కడగబోయి సగంలో వదిలేశారు. సాబ్ తఖ్తు బల్ల మీద కూర్చుని పాత చొక్కాకు గుండీ కుట్టుకుంటున్నాడు. లోపల పరదా వెనక ఆయన బీబీ కదిలిన అలికిడి. తప్పు నాదని, కాగితం నేనే ఇచ్చానని నిలబడే చెప్పాను. ఆయన దారం తెంపి, సూది చొక్కాకు గుచ్చి, నా వైపు చూశాడు.

"అంకె రాసినవా?"

అవునన్నాను.

"పేరు రాయుమన్న గదా."

ఇంతే అన్నాడు. నన్ను కొట్టి ఉంటే బాగుండేది. ఏమయితే అయిందని, మెహర్‌లో మాత్రం అవి మంచి బియ్యమే కదా సాబ్, ఎటు పోయాయని అడిగాను. ఆకలైనవాళ్లకు పోయాయన్నాడు. అల్వాల్ అవతల మామిడితోటలో ఊళ్లు విడిచివచ్చిన జనం చింతాకు ఉడకబెట్టుకు తింటున్నారని బండివాడు చెప్పాడట. వాళ్లకు కార్డులు లేవు. కార్డు లేనివాళ్లకు గింజ ఇచ్చే అధికారం ఆయనకు లేదు. సర్కారు అండ ఉన్న రజాకార్లకు భయపడి పారిపోయి వచ్చినవాళ్లకు సర్కారు బియ్యం పంపుతానంటే పైనుంచి ఎవరూ ఒప్పుకోరు. పాడైన బియ్యం పారబోసే అధికారం ఒక్కటే ఆయన చేతిలో ఉంది. దాన్ని వాడుకున్నాడు.

ఇదంతా విచారణలో చెప్పమని కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. తోటలోవాళ్లను వెతికి తెస్తానన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"వాళ్లు ఒక సర్కారుకు భయపడి వచ్చిన్రు. ఇంకో సర్కారు ముంగట నిలబెడ్తవా? పాడైనయని రాయించింది నేను. గది అబద్ధమే. అబద్ధం రాసినోడు సాక్ష్యం ఎట్ల అడుగుతడు?"

అక్కణ్నుంచి తిన్నగా బావ దగ్గరికి పోయాను. అచ్చు సిరా వాసన మధ్య నిలబడి, ఆజూర్, దై, బహమన్ అని వేళ్ల మీద నెలలు లెక్కపెట్టి చూపించాను. బావ మొహంలో రంగు మారింది. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, ఆగస్టయితే మాత్రం మంచి బియ్యాన్ని పాడైనవని రాయలేదా అన్నాడు. తోట సంగతి చెప్పాను. నువ్వు చూశావా అన్నాడు. చూడలేదు. ఒక్కడి విషయంలో పొరపాటని అచ్చేస్తే, నిజంగా తిన్నవాళ్లంతా మేమూ అంతే అని మీదికొస్తారని, పత్రిక మూతపడుతుందని చెప్పాడు. అది సాకు అనుకోలేను. నిజంగానే భయపడ్డాడు. అక్క మజ్జిగ చెంబుతో వచ్చి గుమ్మంలోనే ఆగింది.

"వాడి చేతిరాత నమ్మి ఆయన్ని దొంగను చేశారు. వాడే నోటితో చెప్తుంటే నమ్మరేం?"

బావ చూద్దాంలే అన్నాడు. తెలుగులో చూద్దాంలే అంటే ఏమిటో అందరికీ తెలుసు.

సాబ్ వద్దన్నా మర్నాడు సైకిలు తొక్కుకుంటూ అల్వాల్ పోయాను. తోట ఖాళీ. మూడు రాళ్ల పొయ్యిలు అక్కడక్కడా మసితో మిగిలాయి. చుట్టుపక్కల అడగ్గా, తిరిగిపోని మనిషి ఒకతె ఉందన్నారు. ఆమె పెనిమిటిని ఊళ్లోనే చంపారు, పోవడానికి ఇల్లు లేదు. ఇటుకబట్టీలో పనిచేస్తోంది. రెండేళ్ల బిడ్డ ఇసుకలో ఆడుకుంటోంది. బియ్యం బళ్ల మాట ఎత్తగానే చేతిలోని ఇటుక కింద పెట్టింది. బళ్లతో పాటు ఒక సాబ్ వచ్చాడని, మాట్లాడకుండా దూరంగా నిలబడి, ప్రతి మూటలో ఒక గొట్టం గుచ్చి చూసి, ఆ తర్వాతే పంచమన్నాడని చెప్పింది. ఆయన పేరు ఆమెకు తెలియదు. గొట్టం మాట వినగానే నాకు కళ్లనీళ్లు తిరిగాయి. పారబోసే బియ్యమని రాయించి కూడా, వాళ్లు తినేముందు బాగున్నాయో లేదో చూసుకున్నాడు.

ఆయన్ని జైల్లో పెట్టేటట్టున్నారు, వచ్చి చెప్తావా అని అడిగాను. కచేరీ అంటే భయం లేదా అని కూడా అడిగాను. "భయమే. గని వస్త" అంది.

విచారణ బేగంపేట దగ్గర ఒక బంగ్లాలో. మద్రాసు వైపు నుంచి వచ్చిన అధికారి. తెలుగు వచ్చు, ఉర్దూ రాదు. మనిషి మర్యాదస్తుడు, అందరికీ కుర్చీలు వేయించాడు. సాబ్ గుండీలన్నీ పెట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. ఆమెను నా వెనక చూసి ఆయన మొహం ఎర్రబడింది. నన్ను చూడటం మానేశాడు.

పర్వానా రాసింది నేనేనని, అంకె నాదేనని చెప్పాను. పదకొండో నెల ఏదని అధికారి అడిగాడు. నెలలు చెప్పమంటే చెప్పాను. ఆయన కూడా నాతో పాటు వేళ్లు ముడిచాడు. పన్నెండు నెలలు రెండుసార్లు చెప్పించుకున్నాడు. అప్పుడు పెన్సిలుతో నవంబరు కొట్టేసి, ఆగస్టు అని రాసుకున్నాడు. నల్ల బజారు ఆరోపణ అక్కడితో సగం పోయింది. గెలిచామనుకున్నాను.

తర్వాత ఆమె వంతు. బిడ్డను చంకనేసుకుని నిలబడే ఉంది, కుర్చీలో కూర్చోలేదు. ఆ బియ్యం తిన్నావా అని అడిగాడు. తిన్నానంది. తినడానికి పనికిరాని పాడైన బియ్యమని ఇక్కడ రాసి ఉందే అన్నాడు.

ఆమెకు కోపమొచ్చింది. "పాడైనయని ఎవలన్నరు? ఒక్క పురుగు లేదు. నెలదినాలు తిన్నం. గా బియ్యం లేకుంటే ఈ బిడ్డ లేదు."

అధికారి పెన్సిలు ఆగింది. అప్పుడర్థమైంది నాకు. ఆయన దొంగ కాడని చెప్పడానికి నేను వెతికి తెచ్చిన ఒక్క సాక్షి, ఆయన సర్కారు కాగితం మీద అబద్ధం రాయించాడని నోరారా చెప్పింది. అంతకంటే మంచిమాట ఆమె చెప్పలేదు. అంతకంటే చెడ్డమాట కూడా లేదు. అధికారి సాబ్ వైపు తిరిగి, మంచివని తెలిసే రాయించారా అని అడిగాడు. సాబ్ లేచి నిలబడ్డాడు. తెలిసే రాయించాను, అహల్కారుకు దీనితో సంబంధం లేదు అన్నాడు. నన్ను కాపాడటానికి మాత్రం నోరు విప్పాడు.

జైలు తప్పింది. కొలువు పోయింది. దొంగతనం లేదని, తప్పుడు రాత ఉందని తేల్చి ఇంటికి పంపారు. అధికారికి కూడా మనసొప్పినట్టు లేదు, కాగితం మీద సంతకం పెట్టి చాలాసేపు కలం పట్టుకునే కూర్చున్నాడు. బయటికొచ్చాక సాబ్ ఆమె దగ్గరికి పోయి, బిడ్డ తల మీద చెయ్యి వేసి, ఏం తింటోందని అడిగాడు. ఆమె అప్పుడు గుర్తుపట్టి కాళ్ల మీద పడబోయింది. వద్దు తల్లీ అని వెనక్కి జరిగాడు. నాతో ఒక్క మాట మాట్లాడకుండా టాంగా ఎక్కాడు.

ఆ వారం పేపర్లన్నిటిలో రాషన్ అఫ్సరు తొలగింపు అని పెద్దక్షరాలు. ఎందుకు తొలగించారో ఏ పేపరూ రాయలేదు. తీసేశారంటే తిన్నట్టే కదా అని మోండాలో అందరూ నమ్మారు, మా నాయనతో సహా. నేను చెప్పబోతే, ఆయన ఉప్పు తిన్నావు కాబట్టి అట్లాగే అంటావన్నారు. బావ నాలుగో పేజీ కింద, సంతలో ధరల పక్కన ఒక మూల, నెల విషయంలో పొరపాటు దొర్లిందని వేస్తానన్నాడు. ఆ వారం చోటు చాలలేదు. పై వారం ఇంకేదో వచ్చింది. రెండేళ్లకు పత్రిక మూతపడి అక్కా బావా బెజవాడ తిరిగిపోయేదాకా ఆ మూల ఖాళీ కాలేదు.

ఇంకా ఏళ్లు గడిచాయి. ఫస్లీ నెలలు పోయాయి, ఆ తర్వాత హైదరాబాద్ స్టేట్ కూడా పోయింది. సాబ్ అల్వాల్ దగ్గర చిన్న ఇంట్లో ఉంటూ, పిల్లలకు ఉర్దూ చెప్పుకుని బతికాడు. నేను పండగలకు పోయేవాణ్ణి. చాయ్ ఇచ్చేవాడు, బాగోగులు అడిగేవాడు, ఆ సంగతి ఎత్తేవాడు కాదు. క్షమించమని నేను అడగలేదు. అడిగితే క్షమించేస్తాడేమోనని భయం.

ఆయన పోయాడని తెలిసి పోయేసరికి మట్టి ఇచ్చేశారు. నాలుగు రోజుల తర్వాత వాళ్ల బీబీ కబురుపెట్టింది. ముసలితనం వచ్చాక నా ముందు పరదా పాటించడం మానేసింది. పెట్టెలోంచి ఒక మడత కాగితం తీసి నా చేతిలో పెట్టింది.

"దీనికి మూలం ఎవని చేతిరాతో వానికియ్యిమన్నడు. నీదేనట గదా బిడ్డా."

బావ పేపరు. మొదటి పేజీ. పసుపు పచ్చగా అయిపోయి మడతల దగ్గర చినిగింది. ఇన్నేళ్లు దాచాడు. బియ్యం దొంగ అన్న పెద్దక్షరాలు అట్లాగే ఉన్నాయి, వాటిమీద కలం తాకలేదు. జనం కడుపు మాడ్చాడన్న వాక్యం కూడా అట్లాగే వదిలేశాడు. ఒక్కచోట మాత్రం, నవంబరు అన్న మాటను సన్నగా కొట్టేసి, దానిమీద ఉర్దూ అక్షరాల్లో మెహర్ అని పొందికగా రాసి ఉంది. నా చీటీలు దిద్దే రోజుల్లో రాసినట్టే ఉంది ఆ రాత.

ఆ కాగితం పట్టుకుని అక్కడే ఏడ్చాను. ఆమె మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

నేను దాన్ని బావకు చూపించడానికి బెజవాడ పోలేదు. చూపించి ఏం లాభం, ఆయన తప్పు అచ్చులో ఉంది, నా తప్పు దానికి ముందుంది. సర్కారు కాగితంలో అబద్ధం రాయించిన మనిషి తన మీద పడ్డ నిందలన్నిటినీ వదిలేసి ఒక్క నెలను దిద్దుకున్నాడు. నా పని ఇన్నేళ్లుగా అట్లాగే మిగిలిపోయింది. మా గోదాము నుంచి పన్నెండు బళ్ల బియ్యం అల్వాల్ మామిడితోటకు పోయాయి. అవి మంచి బియ్యం. తిన్నవాళ్లు బతికారు. అది మెహర్ నెల. ఈసారి పేరు రాశాను సాబ్.